మెడ మీద మూడుసార్లు

పశువైద్యంలోకి కొత్తగా అడుగుపెట్టిన పిల్లలు అప్పుడప్పుడు వెంగళరావు నగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, "మేడమ్, మీరు ఫిల్మ్ నగర్ దగ్గర పనిచేశారట కదా, హీరోల కుక్కలకు వైద్యం చేశారా" అని అడుగుతారు. చేశాను. హీరోల కుక్కలు కూడా కరుస్తాయి. వాటికి కూడా పురుగుల మందు పట్టించాలంటే నోరు బలవంతంగా తెరవాల్సిందే. ఆ విషయంలో నా దగ్గర ఇంతకు మించి కబుర్లు లేవు.

ఎనభైల నుంచి తొంభైల మధ్య దాకా జూబ్లీహిల్స్ గుట్టల కింద ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్నాను. ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. చదివే ఓపిక ఉన్నవాళ్లు అక్కడ చదువుకోవచ్చు. ఆ పుస్తకంలో లేనిది ఒక వానాకాలం. మూడు రోజులు వాన పడింది, ఆ తర్వాత వారం రోజులు మాకు పని పడింది. ఆ వారంలో నేనొక తప్పు చేశాను. దానివల్ల బతకాల్సిన ప్రాణి ఒకటి చచ్చిపోయింది. మీలో ఎవరూ అదే తప్పు చేయకూడదని ఇది రాస్తున్నాను.

కట్టుతాడు

అప్పటి జూబ్లీహిల్స్ ఇప్పటిలా లేదు. బంగళాకీ బంగళాకీ మధ్య బండలు, సీతాఫలం పొదలు. ఫిల్మ్ నగర్‌లో స్టూడియోలు, సగం కట్టి సగం విప్పిన సెట్టింగులు. పైన కురిసిన ప్రతి చినుకూ ఆ బండల మీదుగా జారి కింద టోలిచౌకి వైపు పల్లానికి చేరేది. ఆ పల్లంలోనే గేదెల పాకలు, కూలీల గుడిసెలు, సినిమా షూటింగులకు గుర్రాలు పంపే ఒక గుర్రాల షెడ్డు ఉండేవి. మూడో రోజు మధ్యాహ్నం పైనున్న చిన్న కుంట కట్ట తెగింది. గంటలో పల్లమంతా చెరువైంది.

మర్నాడు పొద్దున నేనూ, మా కాంపౌండరు మల్లయ్యా మందుల పెట్టె పట్టుకుని దిగాం. మల్లయ్యది బోరబండ. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు. పుస్తకాల చదువు ఏడో తరగతి దాకానే, పశువుల చదువు మాత్రం నాకంటే ఎక్కువ. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి అప్పట్లో మనసొచ్చేది కాదు. తెనాలి దగ్గర నుంచి వచ్చి, వెటర్నరీ కాలేజీలో మగపిల్లల మధ్య ఐదేళ్లు నెగ్గుకొచ్చినదాన్ని. ఎవరైనా సలహా చెబితే, నాకు తెలియదని అనుకుంటున్నారేమో అనిపించేది.

ఆ రోజు నేర్చుకున్న మొదటి పాఠం కట్టుతాడు గురించి. గేదె బాగా ఈదుతుంది. వదిలేస్తే తలెత్తుకుని ఎటో ఒక గట్టు చేరుతుంది. మేము చూసిన చచ్చిన గేదెల్లో చాలావరకు గుంజకు కట్టేసి ఉన్నవే. నీళ్లొచ్చేటప్పుడు జనం బియ్యం డబ్బా, రేషను కార్డు, పిల్లల్ని తీసుకుని పరిగెత్తారు. తాడు విప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది, ఆ నిమిషం ఎవరికీ గుర్తురాలేదు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ మీరు ఎక్కడ పనిచేసినా, వానాకాలానికి ముందే ఊళ్లో ఈ ఒక్కమాట చెప్పండి.

రెండో పాఠం, బతికిన గేదెల గురించి. గట్టెక్కాయి కదా అని మేము సంతోషపడుతుంటే మల్లయ్య వాటి పొదుగుల వైపు చూసి, "ముందుగాల పాలు పిండాలె అమ్మా. రెండు పూటలాయె" అన్నాడు. నేను టీకాల సంగతి ఆలోచిస్తున్నాను. పొదుగు రాయిలా బిగిసిన గేదెకు టీకా ముందా, పాలు పిండడం ముందా? ఆ పూట మేమిద్దరం బురదలో కూర్చుని పాలు పిండి నేలపాలు చేశాం. దొరికిన తడిగడ్డి మేపొద్దని చెప్పడం మర్చిపోయాను. సాయంత్రానికి రెండింటికి కడుపుబ్బింది. అదీ నా ఖాతాలోదే, కానీ అవి బతికాయి.

నీళ్లలో నంది

ఆ వారంలో నవ్వుకున్నది కూడా ఒకటుంది. స్టూడియో వెనక నీళ్లలో పెద్ద ఎద్దు పడి ఉందని, ఇంకా బతికే ఉన్నట్టుందని కబురొచ్చింది. ఫైరింజను సిబ్బంది ముగ్గురు నడుంలోతు నీళ్లలో దిగి, కొమ్ములకు తాడు కట్టి, గంటసేపు తంటాలు పడి ఒడ్డుకు తెచ్చారు. తీరా చూస్తే అది గుడి సెట్టింగులోని నంది. ప్లాస్టరుతో చేసింది. ఒడ్డుకు రాగానే దాని మూతి ఊడి వాళ్ల చేతిలోకొచ్చింది.

వాళ్లలో పెద్దాయన దాని వైపు కాసేపు చూసి, "సినిమోళ్లతోని ఏది నిజమో ఏది అబద్ధమో సమజ్‌గాదు" అని గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. మేమంతా కడుపుబ్బా నవ్వాం. ఆ మాట నేను ఇంకాస్త పట్టించుకోవాల్సింది.

పెద్దాఫీసరు ఫోను

మా పెద్దాఫీసరు గురించి ఒక మాట. చెడ్డవాడు కాదు. భయస్థుడు. భయస్థుడి కింద పనిచేయడం చెడ్డవాడి కింద పనిచేయడం కంటే కష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే అతని మీద కోపం కూడా తెచ్చుకోలేం. మేము పల్లంలోకి దిగిన మర్నాడు పొద్దున్నే ఫోను చేశాడు.

"అమ్మా, రోడ్డు పైన నిర్మాతగారి బంగళాలో చిలకల గూట్లోకి నీళ్లొచ్చాయట. ఒకసారి చూసి రండి. ఆ తర్వాత పల్లంలో ఎన్ని బతికాయో, ఎన్ని పోయాయో మధ్యాహ్నానికల్లా నాకు కాగితం కావాలి."

"సార్, పల్లంలో ఇంకా పశువులు నీళ్ల మధ్యే ఉన్నాయి."

"ఉంటాయమ్మా. అందుకే తొందరగా ముగించండి."

చిలకలు క్షేమంగా ఉన్నాయి. వాటికి మా కంటే ముందే ఎవరో సెట్టింగు లైటు తెచ్చి వెచ్చగా పెట్టారు. ఆ బంగళాలో గంటన్నర పోయింది. బయటికొచ్చేసరికి నా మనసులో రెండే ఉన్నాయి, ఒళ్లంతా మంట, మధ్యాహ్నం కాగితం. ఆ మనసుతో గుర్రాల షెడ్డు దగ్గరికి వెళ్లాను.

మోతీ

షెడ్డు కూలిపోయి ఉంది. గుర్రాలను చూసుకునే యాదగిరి నీళ్లు రాగానే అన్నిటికంటే ముందు వాటి తాళ్లు కోసి వదిలేశాడట. ఆ తర్వాతే భార్యనీ తల్లినీ తీసుకుని, మురుగునీళ్లు పారే నాలా అవతల బడిలోకి చేరాడు. నాలా పొంగి దారి తెగడంతో రెండు రోజులుగా అక్కడే చిక్కుకుపోయాడు. ఈ సంగతంతా మల్లయ్య దారిలో చెప్పాడు.

తెల్లగుర్రం ఒకటి వాలు కింద బురదలో నిలబడి ఉంది. దాని పేరు మోతీ అని కూడా మల్లయ్యే చెప్పాడు. నడుం మీద దూలం పడినట్టు పెద్ద గాయం. వణుకుతోంది, కానీ నిలబడే ఉంది.

"యాదగిరిని పిలిపిద్దాం అమ్మా. గీ గుర్రాలు ఆయన చేతులల్లనే పెరిగినయ్" అన్నాడు మల్లయ్య.

"గుర్రాన్ని బురదలోంచి బయటికి తీయడానికి యాదగిరి ఎందుకు?" అన్నాను.

గట్టినేల ఎడమ పక్కన ఉంది. తలకట్టుకు తాడు వేసి, నేనూ పల్లంలోవాళ్లు ఇద్దరూ ఆ పక్కకు లాగాం. గుర్రం తల అటు తిరిగింది. ముందుకాళ్లు మడిచి, మెల్లగా ఎడమ పక్కకు ఒరిగి, బురదలో పడిపోయింది. మెడ చాచి నేల మీద పెట్టేసింది. మళ్లీ కదల్లేదు. అరిచాం, అదిలించాం, తొడ మీద చరిచాం. లేవలేదు. ఇంకొందరిని పిలిచి, పొట్టకింద గుడ్డపట్టీలు దూర్చి ఎనిమిదిమందిమి పట్టి లేపితే నిలబడింది. మళ్లీ తాడు లాగితే మళ్లీ అదే పక్కకు పడింది.

నడుం మీద గాయం, లాగితే కూలిపోవడం, పడ్డాక కదలకపోవడం. వెన్నెముక విరిగిందని నిర్ణయించాను. అలాంటి గుర్రాన్ని బురదలో రోజుల తరబడి కుళ్లబెట్టకుండా ఇంజెక్షనుతో శాశ్వతంగా నిద్రపుచ్చడమే దయ అని మాకు నేర్పారు. అది నిజమే. అయితే అంతకుముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. వెనకకాలి గిట్ట పైన సూదితో పొడిచి చూడాలి. కాలు లాక్కుంటే వెన్ను బాగున్నట్టే. వెనకకాళ్లు రెండూ బురదలో కూరుకుపోయి ఉన్నాయి. తవ్వి తీయాలంటే పావుగంట పడుతుంది. నేను ఆ పావుగంట ఇవ్వలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పడుకున్న ఆ గుర్రం చెవి ఒకటి నిమిషానికోసారి అటూ ఇటూ తిరుగుతోంది. మా గొంతులన్నీ ఒక్కొక్కటే విని, వీళ్లు కాదు, వీళ్లు కాదు అనుకుంటున్నట్టు. నేను దాన్ని చూశాను. చూసి కూడా మందు ఎక్కించాను.

చాందిని

మధ్యాహ్నం దాటాక రెండో గుర్రం దొరికింది. కూలిన సెట్టింగు గోడ వెనక, అలాంటి బురదలోనే. గోధుమరంగు ఆడగుర్రం, చాందిని. ఒంటి మీద ఒక్క గీరుడు కూడా లేదు. దీన్నైనా బతికిస్తామని లోపల ధైర్యం చెప్పుకున్నాను. తాడు వేసి పక్కకు లాగాం.

చాందిని తల అటు తిరిగింది. ముందుకాళ్లు మడిచి, మెల్లగా ఎడమ పక్కకు ఒరిగి పడిపోయింది. మెడ చాచి నేల మీద పెట్టేసింది.

"పెట్టె తెరువు మల్లయ్యా" అన్నాను.

మల్లయ్య పెట్టె తెరవలేదు. దాన్ని బండ మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒక డాక్టరు చెప్పిన పని అతను చేయకపోవడం అదే మొదటిసారట, తర్వాత చెప్పాడు.

"పొద్దుగాల మోతీ గూడ గిట్లనే పడ్డడు అమ్మా. అచ్చం గిట్లనే. రెండు గుర్రాలకు ఒక్కతీరుగ నడుము ఇరుగుతదా?"

"నువ్వు డాక్టరువా?"

"కాదమ్మా. నాలాల నీళ్లు తగ్గినయ్. యాదగిరి వస్తుండని ఇందాక చెప్పిన్రు. జర ఆగున్రి."

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంలో, ఊరికే నిలబడలేక, పార తీసుకుని చాందిని వెనకకాలు చుట్టూ బురద తవ్వడం మొదలుపెట్టాను. మల్లయ్య తప్పని తేల్చడానికే తవ్వాను. ఆ మాట దాచుకోను. కాలు బయటపడ్డాక గిట్ట పైన సూదితో పొడిచాను. కాలు ఠక్కున లాక్కుంది. రెండో కాలు పొడిచాను. అదీ లాక్కుంది. వెన్ను శుభ్రంగా ఉంది. కాళ్లలో బలం ఉంది. అయినా మెడ నేల మీద నుంచి ఎత్తలేదు. ఒక చెవి మాత్రం తిరుగుతోంది.

నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది. పొద్దున చూసిన చెవి గుర్తొచ్చింది. అప్పటికింకా కారణం తెలియదు, తప్పు చేశానని మాత్రం ఒళ్లంతటికీ తెలిసిపోయింది.

యాదగిరి వాలు దిగి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, నడుం దాకా తడిసి ఉన్నాడు. చెప్పులు విప్పి, బురదలో దిగి, గుర్రం తల దగ్గర కూర్చున్నాడు. తలకట్టు నుంచి మా తాడు విప్పి పక్కన పడేశాడు. మెడ మీద అరచేత్తో మూడుసార్లు తట్టాడు.

"అయిపాయె బేటా. లెవ్వు."

చాందిని లేచింది. ఒక్క ఊపులో లేచి, ఒళ్లు విదిలించి, మా అందరి మీదా బురద చల్లింది. అతను వెనక్కి తిరిగి నడిస్తే, తాడు లేకుండా, అతని భుజం వెనకే నడిచి గట్టెక్కింది.

అప్పుడు చెప్పాడు. "ఫైటింగ్ గుర్రాలు డాక్టరమ్మా. బాణం తాకినట్టు పడాలె గద. తల పక్కకు గుంజితే పడాలె, పడ్డంక కదలొద్దు. ఎంతమంది ఒర్లినా చచ్చినట్టే పండాలె. నేను వచ్చి తట్టేదాంక లెవ్వద్దు. గట్లనే నేర్పిన." చెప్పి, చుట్టూ చూశాడు. "మోతీ ఏడి?"

మల్లయ్య నా మొహం చూశాడు. "నీళ్లల్ల..." అని మొదలుపెట్టాడు. ఆ వాక్యం పూర్తయి ఉంటే నేను బయటపడేదాన్ని. నన్ను కాపాడటానికి ఆ మనిషి అబద్ధం కూడా ఆడేవాడు, పొద్దున తన మాట నేను తీసేసినా. అతన్ని ఆపాను.

"నీళ్లలో కాదు యాదగిరీ. పొద్దున నేనే ఇంజెక్షన్ ఇచ్చాను. నడుం విరిగిందనుకున్నాను. లాగితే పడిపోయింది. లేవలేదు."

యాదగిరి తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. చాందిని జూలులోంచి గడ్డిపరక ఒకటి తీసి, దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"మెడ మీద తట్టిన్రా?"

"లేదు. నాకు తెలియదు."

"మీకెట్ల తెలుస్తది. నేను నాలా అవతలనే ఉంటిని గద. ఒక మనిషిని గట్టుకు పంపి ఒక కేకేపిస్తే, ఆడికెల్లే చెప్తుంటి."

ఆ తర్వాత

పెద్దాఫీసరు నా కాగితం చూసి, "వరదలో చనిపోయింది అని రాసేయమ్మా. అందరికీ సుఖం" అన్నాడు. జరిగింది జరిగినట్టే రాసి ఇచ్చాను. రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని, మూడో రోజు సంతకం పెట్టాడు. భయస్థుడు పెట్టిన సంతకం కాబట్టి దానికి విలువ ఎక్కువని ఇప్పుడనుకుంటాను. నాకు పడిన శిక్షంటూ ఏమీ లేదు. గుర్రాల యజమాని యాదగిరిని ఏమన్నాడో నాకు తెలియదు, అడిగే మొహం లేకపోయింది. జత పోయాక చాందినిని ఫైటింగులకు పిలవడం తగ్గింది. యాదగిరి దాన్ని పెళ్లి బరాత్‌లకు తిప్పేవాడు. డెక్కలు చూపించడానికి మా ఆసుపత్రికి తెచ్చేవాడు. మోతీ పేరు మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. ఎంత తొందరలో ఉన్నా, ప్రాణి మీద చెయ్యి వేసే ముందు దాన్ని పెంచిన మనిషిని మూడు మాటలు అడిగేదాన్ని. దీనికేం నేర్పారు, దేనికి భయపడుతుంది, ఎవరి మాట వింటుంది. మనిషి దగ్గర లేకపోతే వెతికించేదాన్ని. జబ్బు సంగతి తర్వాతే. కొత్తగా వచ్చిన డాక్టర్లు చాటున నవ్వుకునేవారు, మేడమ్ గేదెకు కూడా జాతకం రాయిస్తుందని. రాయించాను. వరదలో, తుఫానులో ఈ పని ఇంకా ముఖ్యం, ఎందుకంటే అప్పుడే ప్రాణి ఒకచోట, దాని మనిషి మరొకచోట ఉంటారు. మనం ఆ ఇద్దరినీ కలిపితే సగం వైద్యం అయినట్టే. మందుల పెట్టె మోసుకెళ్లినంత శ్రద్ధగా ఆ మనిషినీ వెతకండి. మీ కాంపౌండరు పెట్టె తెరవనని నిలబడితే, కోప్పడండి, పర్లేదు. ఆగండి మాత్రం.

ఆ రోజు సంగతి ఇంకొంచెం మిగిలింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మున్సిపాలిటీ లారీ వచ్చే ముందు యాదగిరి మోతీ ఉన్న చోటికి వెళ్లాడు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. వెనకే వెళ్లాను. గుర్రం మేము వదిలిన చోటే, మెడ చాచి, చెప్పినట్టే పడుకుని ఉంది. యాదగిరి చెప్పులు విప్పి తల దగ్గర కూర్చున్నాడు. తలకట్టుకు ఇంకా వేలాడుతున్న మా తాడు విప్పాడు. మెడ మీద అరచేత్తో మూడుసార్లు తట్టాడు.

"అయిపాయె బేటా" అన్నాడు.

రెండో మాట అనలేదు.